ఎనిమిదో ప్రశ్న

పోయిన వారం మనం స్నేహలతను ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుంది కదా. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందు, ఆ సందులో రెండో అంతస్తు, అక్కడి ఆక్సిజన్ చికిత్సాకేంద్రంలో ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది. గుప్పిట్లో చిన్న రేకు డబ్బాతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది.

కొత్తగా చదువుతున్నవారికి రెండు ముక్కలు చెప్పాలి. శేషారత్నం టీచర్ నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. షుగరు ఉంది. కుడికాలి వేళ్ళు రెండు పాడైతే ఆపరేషన్ చేసి తీసేశారు. వేళ్ళు పోయాయి గానీ ఆపరేషన్ గాయం మానలేదు. అప్పుడు డాక్టర్ విశ్వనాథ్ ఆవిడను గాజు గొట్టానికి పంపించారు. మనిషి పొడుగునా పట్టే గొట్టం అది. అందులో పడుకోబెట్టి, తలుపు బిగించి, లోపల గాలి ఒత్తిడిని రెండున్నర రెట్లు పెంచి, గంటన్నరసేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. అది రక్తంలో దండిగా కలిసి గాయం దాకా చేరితే కొత్త కండ పుడుతుంది. చాలామందికి పుడుతోంది. మన టీచర్‌కి ఇరవై రెండుసార్లు పెట్టినా పుట్టలేదు. వచ్చే సోమవారం మోకాలి కింద నుంచి కాలు తీసెయ్యాలని నిశ్చయమైపోయింది. ఇవాళ గురువారం.

ఆ గొట్టాన్ని నడిపే టెక్నీషియన్ స్నేహలత. ఒకప్పుడు ఆ టీచర్ దగ్గరే చదువుకుంది.

గొట్టంలోకి వెళ్ళే మనిషి మీద కేంద్రం ఇచ్చిన నూలు గౌను తప్ప ఏమీ ఉండకూడదు. తలకు నూనె, పిన్నీసులు, గాజులు, సెల్‌ఫోను, అన్నీ బయటే. అంత ఆక్సిజన్‌లో చిన్న నిప్పురవ్వ పుట్టినా మనిషి దక్కదు. అందుకని పేషెంట్లు విడిచిన బట్టల్ని కూడా ఒకసారి దులిపి మడతపెట్టడం స్నేహలతకు అలవాటు. అలా దులిపినప్పుడే టీచర్ చీరకొంగు ముడిలోంచి ఆ డబ్బా జారి కిందపడింది.

మూత తీసింది. ముదురు గోధుమరంగు పొడి. ముక్కుకు ఘాటు తగిలింది. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసిన హమాలీ మొగులయ్య కూతురికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్నతోపాటు పనిచేసిన ముసలి హమాలీల దగ్గర చిన్నప్పుడు రోజూ పీల్చిన వాసనే. అది నశ్యం.

టీచర్ చక్రాల కుర్చీలో కూర్చుని అటు చూసింది. చెయ్యి చాపింది. కాపీ చీటీలూ, క్లాసులో దాచుకు తిన్న చింతకాయలూ, ఒకరికొకరు రాసుకున్న కాగితాలూ ముప్ఫై నాలుగేళ్ళపాటు లాక్కున్న చెయ్యి అది.

"ఇలా ఇవ్వు."

స్నేహలత చెయ్యి దానంతట అదే సగందాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"ఇయ్య, టీచర్."

"ఏమిటీ?"

"ఇయ్యనంటున్న. గిది ఎన్నేండ్ల నుంచి?"

"అది నెప్పుల మందు. ఆయుర్వేదం."

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్న మనిషికి తను ఆడటం మాత్రం రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"మా నాయిన ఉస్మాన్‌గంజ్‌ల పని చేసిండు టీచర్. గక్కడి పొడుం దుకాణం డబ్బాలు నాకు తెల్వయా? నశ్యం గిది."

"అయితే ఏమిటే?" ఆవిడ గొంతు పెంచింది. "పొడుం పీలుస్తాను. మా నాన్నగారు సోమయాజులుగారు పీల్చేవారు, నేనూ పీలుస్తాను. ఒకరి సొమ్ము తిన్నానా? ముక్కెక్కడ, కాలెక్కడ? నీ పని నువ్వు చూసుకో."

"నా పనే చూసుకుంటున్న. గిది పొగాకే, టీచర్. బీడీల ఏమున్నదో గిండ్ల గదే ఉన్నది. ముక్కుల నుంచి రక్తంలకు దిగి సన్న సన్న నరాలను బిగవట్టిస్తది. నేను గొట్టంల పెట్టి గంటన్నర గాలి ఎక్కిస్తున్న. గా గాలి కాలు దాంక పోయే తొవ్వను మీరు దినమంత మూసేస్తున్నరు."

టీచర్ చాపిన చెయ్యి మెల్లగా ఒళ్ళోకి వెళ్ళిపోయింది.

"రోజుకు ఎన్నిసార్లు?" అంది స్నేహలత.

"ఏదో... పది."

"టీచర్."

"ఇరవై ఉంటుందేమో. ఎవరు లెక్కపెట్టారు?"

"గొట్టంలకు పోయేముందు గూడనా?"

"ఒక్క చిటికెడు." ఆవిడ గోడవైపు చూస్తూ చెప్పింది. "నువ్వు ఆ తలుపు బిగిస్తావు చూడు, అప్పుడు నాకు భయం. ధైర్యానికి ఓ చిటికెడు. బయటికొచ్చాక బతికొచ్చాను కదా అని ఇంకోటి."

స్నేహలతకు పాత సంగతులు వరసగా గుర్తొచ్చాయి. క్లాసులో టీచర్ ఉన్నట్టుండి బోర్డువైపు తిరిగేవారు. భుజం కొంచెం లేచేది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ముక్కుకు చేతిరుమాలు ఉండేది. "చాక్‌పీసు పొడి పడదర్రా నాకు" అనేవారు. నలభైమంది ఆడపిల్లలు పాపం టీచర్ అని జాలిపడి, చాక్‌పీసు పొడి ఎగరకుండా బోర్డును తడిగుడ్డతో తుడిచేవాళ్ళు. మూడేళ్ళు తుడిచారు! గొట్టంలో ఒత్తిడి పెంచుతుంటే చెవులు పోటెత్తుతున్నాయని టీచర్ ప్రతిసారీ విలవిల్లాడినప్పుడు కూడా, జలుబు చేసి ముక్కు బిగిసిందనే అనుకుంది స్నేహలత.

టీచర్ ఒక్కసారిగా ఇటు తిరిగింది. ఆవిడకు దారి దొరికింది.

"సరే, నాదే తప్పు. మరి మీరేం చేశారు? ఇన్నిన్ని కాగితాలు నింపారు, ఇరవై చోట్ల సంతకాలు పెట్టించారు. ఒక్కరంటే ఒక్కరు అడిగారా నన్ను, పొడుం అలవాటుందా అని? అడిగితే అబద్ధం చెప్పేదాన్నా?"

ఈ ప్రశ్న వస్తుందని స్నేహలతకు డబ్బా మూత తీసిన క్షణమే తెలుసు. వెళ్ళి, బయట బీరువాలోంచి టీచర్ ఫైలు తెచ్చింది. మొదటి కాగితం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. కళ్ళజోడు అందించింది. ఎనిమిదో ప్రశ్న మీద వేలు పెట్టింది.

'పొగాకు ఏ రూపంలోనైనా వాడతారా?' అని అచ్చులో ఉంది. పక్కన 'లేదు' అన్న గడిలో నీలం ఇంకుతో టిక్కు.

"గా టిక్కు నాదే, టీచర్. మొదటిరోజు మీరొచ్చిన్రు. మీ కాళ్ళు మొక్కిన. ఏడు ప్రశ్నలు అడిగిన. ఎనిమిదోది అడగనీకి నోరు రాలే. మా హెడ్‌మిస్ట్రెస్‌ను పొగాకు వాడుతరా అని ఎట్ల అడుగుత? నేనే 'లేదు' అని పెట్టి తొమ్మిదో దానికి పోయిన." "గౌరవం అనుకున్న. గా గౌరవమే మీ కాలు కొట్టేస్తున్నది."

శేషారత్నం టీచర్ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అక్షరాలు బాగుపడ్డాయి" అంది చివరికి. "పదో తరగతి దరఖాస్తులో నీ పేరు గడిలో మీ నాన్న పేరు రాశావు. హాల్‌టికెట్ మొగులయ్య పేరున వచ్చింది."

"మీరే ఎండల నడుసుకుంట నాంపల్లిల పరీక్షల ఆఫీసుకు పోయి మార్పించుకొచ్చిన్రు."

"ఆ రోజు నిన్ను తిట్టానా?"

"లేదు టీచర్. కొట్టిన్రు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఇద్దరికీ ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కోడలు నాగవల్లి లోపలికొచ్చింది. చేతిలో మజ్జిగ సీసా. కుర్చీలో ఉన్న అత్తగారిని చూసింది, స్నేహలత చేతిలో ఉన్న డబ్బాను చూసింది. సీసాను బల్లమీద పెట్టింది.

"అమ్మయ్య, పొడుం డబ్బా దొరికిందా?"

టీచర్ నోరు తెరుచుకుంది.

"నీకు తెలుసా?"

"పద్దెనిమిదేళ్ళుగా మీ చేతిరుమాళ్ళు విడిగా బకెట్లో నానబెట్టి ఉతుకుతున్నది ఎవరనుకున్నారు, అత్తయ్యగారూ? ఆ మరక ఓ పట్టాన పోతుందా? శనివారం గుడికని చెప్పి మీరు ఆటో ఎక్కితే, గుడి ఇటుంటే ఆటో అటు ఉస్మాన్‌గంజ్ వైపు ఎందుకు తిరుగుతుందో మీ అబ్బాయికి కూడా తెలుసు."

"మరి డాక్టరుతో చెప్పలేదేం?"

"మీరే దాచుకున్నారు. మీరు దాచుకున్న సంగతి బయటపెట్టడానికి నేనెవరిని? కోడల్ని." నాగవల్లి కళ్ళు తుడుచుకుంది. "పొడుం వల్ల కాలు మానదని తెలిస్తే మీరు కొట్టినా సరే చెప్పేసేదాన్ని."

చూడండి ఈ ముగ్గురి తంతు. ఒకరికి పరువు, ఒకరికి భక్తి, ఒకరికి మర్యాద. మూడూ మంచివే. ముగ్గురూ మంచివాళ్ళే. ఆ మంచితనం మధ్యలో పడి ఏడు వారాలుగా ఒక కాలు ఊపిరాడక చస్తోంది. నాకు ఒళ్ళు మండిపోతుంది ఇలాంటి చోట. నోరు తెరిచి ఒక్క మాట అనుకుంటే పోయేదానికి మనవాళ్ళు శరీరాలు పోగొట్టుకుంటారు.

స్నేహలత ఇక ఆగలేదు. కుర్చీని తోసుకుంటూ నడవా చివర డాక్టర్ విశ్వనాథ్ గదికి తీసుకెళ్ళింది. డబ్బానూ కాగితాన్నీ ఆయన ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తన టిక్కు సంగతి ముందు చెప్పింది, టీచర్ పొడుం సంగతి తర్వాత చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పడేశారు.

"ఏడు వారాలు! స్కానింగులు తీయించాను. రక్తనాళాల డాక్టరుకు చూపించాను. మందులు మార్చాను. ఎక్కడ లోపముందో తెలియక నాకు నిద్ర లేదు. లోపం నీ పెన్నులో ఉందన్నమాట."

"ఔ సార్."

"ఈ ఉద్యోగంలో నువ్వుండాలో వద్దో తర్వాత మాట్లాడదాం."

"డాక్టరుగారూ," అంది శేషారత్నం టీచర్. అసెంబ్లీలో మైకు లేకుండా ఐదువందలమందికి వినిపించిన గొంతు అది. "తిట్టాల్సినవాళ్ళ వరసలో ముందు నేనున్నాను. కోడలుంది, కొడుకున్నాడు. ఆ పిల్ల వంతు రావడానికి చాలా టైము పడుతుంది. ఈలోగా నా కాలి సంగతి చెప్పండి. ఇప్పుడు మానేస్తే లాభముందా, లేదా?"

ఆయన కుర్చీ దగ్గరికి వచ్చి వంగారు. కట్టు విప్పించి చూశారు. గాయం పాలిపోయి, మైనం పూసినట్టు ఉంది. కానీ కొత్తగా చీము లేదు, జ్వరం లేదు, ఎరుపు పైకి పాకలేదు.

"పది రోజులు ఆగుతాను" అన్నారు. "రోజూ గాయం చూస్తాను. ఎరుపు ఒక్క అంగుళం పైకి పాకినా ఆ క్షణమే ఆపరేషన్. చీలమండ పైన చర్మానికి ఆక్సిజన్ ఎంత అందుతోందో చూసే మీటరుంది కదా. మీకిప్పుడు పంతొమ్మిది చూపిస్తోంది. పది రోజుల్లో అది ముప్ఫై దాటాలి. దాటకపోతే మళ్ళీ నన్ను అడగకండి."

టీచర్ తనే డబ్బా మూత గట్టిగా బిగించి స్నేహలతకిచ్చింది. పేషెంట్ల ఉంగరాలూ ఫోన్లూ పెట్టే ఇనప లాకర్లో స్నేహలత దాన్ని పడేసింది. తాళంచెవి నాగవల్లి కొంగుకు కట్టుకుంది. నలభై రెండేళ్ళ స్నేహితుడు అలా జైలుకెళ్ళాడు.

ఆ పది రోజులూ ఆ ఇంట్లో ఎలా గడిచాయో నాగవల్లిని అడగాలి. రెండో రోజు టీచర్‌కి తలనెప్పి. మూడో రోజు చారులో ఉప్పు లేదని గొడవ, ఉప్పు వేస్తే ఎక్కువైందని గొడవ. నాలుగో రోజు పొద్దున న్యూస్ పేపరు మొత్తం ఎర్ర పెన్నుతో దిద్ది, అడుగున 'శ్రద్ధ లేదు' అని రాసి సంతకం పెట్టింది. ఊరికే ముక్కు దగ్గరికి వెళ్ళే చేతివేళ్ళను ఏం చెయ్యాలో తెలియక చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఆ వారం ఇంటిల్లిపాదీ చిక్కుడుకాయ కూరే తిన్నారు.

ఆరో రోజు గొట్టంలో పడుకుని, లోపలి మైకులోంచి తనే చెప్పింది.

"స్నేహా, నిన్న నేను ఉస్మాన్‌గంజ్ వెళ్ళాను."

బయట మీటలు చూస్తున్న స్నేహలత చేతులు ఆగిపోయాయి.

"టీచర్!"

"వినవే ముందు. నాగవల్లి స్నానానికి వెళ్ళినప్పుడు ఆటో ఎక్కాను. దుకాణం ఎదురుగా ఆపించాను. దిగలేదు. దుకాణమతను అంత దూరం నుంచే నన్ను చూసి నమస్కారం పెట్టి, పొట్లం కట్టడం మొదలుపెట్టాడు. నేను అడగనేలేదు. అడక్కుండానే కట్టేస్తున్నాడు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. అడక్కుండా టిక్కు పెట్టేశావు కదా, అలాగే ఉంది వీడి వరస అనిపించింది. ఒళ్ళు మండి, ఆటో తిప్పమన్నాను."

స్నేహలత మీటల వైపు తిరిగింది. మీటరు ముల్లును చూసి ఒక్కసారిగా ఆశ్చర్యపోయింది. ఒత్తిడి పూర్తిగా పెరిగిపోయింది. ఆ మాటల్లో పడి ఇద్దరూ గమనించనే లేదు.

"టీచర్, చెవులు నొప్పి పెడుతలేవా?"

గొట్టంలో టీచర్ చెవులు తడుముకుంది.

"లేదే! ముక్కు తెరుచుకుందే నాకు!" అంది టీచర్. చిన్నపిల్లలా రెండుమూడుసార్లు గాలి పీల్చి చూసుకుంది.

సోమవారం వచ్చింది. కాలు తీసెయ్యాల్సిన సోమవారం కాదు, అది దాటిపోయింది. దాని తర్వాతిది. పొద్దున పదకొండింటికి స్నేహలత టీచర్ చీలమండ పైన మీటరు బిళ్ళను అతికించింది. అంకె ముందు కిందికి పడి, చర్మం వెచ్చబడేకొద్దీ మెల్లగా పైకి లేస్తుంది. పావుగంట పడుతుంది. డాక్టర్ విశ్వనాథ్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నాగవల్లి కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకుంటోంది.

అంకె పద్నాలుగు దాకా పడి, మళ్ళీ లేచి పంతొమ్మిదికి వచ్చింది. అక్కడే నిలబడింది. ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. టీచర్ పైకి చూస్తూ పడుకుంది.

"ఎంతే?"

"జర ఆగున్రి టీచర్."

ఇరవై రెండు. ఇరవై ఏడు. ముప్ఫై దగ్గర అంకె మినుకుమినుకుమంది. ముప్ఫై ఒకటి. ముప్ఫై ఐదు. ముప్ఫై ఎనిమిది దగ్గర కుదురుకుని, మరిక కదల్లేదు.

డాక్టర్ కట్టు విప్పే కత్తెర అందుకున్నారు. పాత గుడ్డ ఊడివచ్చింది. మైనం రంగు పోయింది. గాయం అడుగంతా దానిమ్మ గింజలు పరిచినట్టు ఎర్రగా, తడిగా మెరుస్తోంది. అంచు చుట్టూ సన్నగా గులాబీరంగు కొత్త చర్మం లోపలికి పాకుతోంది. ఆయన దూది కొసతో ఒకచోట తాకించారు. ఎర్రటి చుక్క ఒకటి పైకి వచ్చింది. రక్తాన్ని చూసి మనుషులు అంత సంతోషపడటం నేనెక్కడా చూడలేదు.

"ఆపరేషన్ లేదు" అన్నారు డాక్టర్ విశ్వనాథ్. "పొడుం మానడం ఒక్కటే కారణమని నేననను. షుగరు అదుపులోకొచ్చింది, గాయం రోజూ శుభ్రం చేశాం, ఆక్సిజన్ పెట్టాం. కానీ మూసి ఉన్న తలుపు మాత్రం అదేనమ్మా. ఇంకో పదిహేనుసార్లు గొట్టంలోకి వెళ్ళండి. ఉగాది నాటికి మీరు నడిచి గుడికి వెళ్తారు."

"నిజంగా గుడికే వెళ్ళాలి" అంది నాగవల్లి. అని, భోరున ఏడ్చేసింది. ఫోన్లో భర్తకు "ఏవండీ, కాలుంది, కాలుందండీ" అని నాలుగుసార్లు చెప్పింది. నడవాలో తమ వంతు కోసం కూర్చున్న పేషెంట్లు ఎవరు మొదలుపెట్టారో గానీ చప్పట్లు కొట్టారు. స్నేహలత టీచర్ పాదాన్ని, ఆ మిగిలిన మూడు వేళ్ళ పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. గెలిచాం అనుకుంది. ఇన్నేళ్ళలో ఇంత గెలుపు తనకు ఎన్నడూ లేదు.

డాక్టర్ ఆపరేషన్ థియేటర్‌కి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"స్నేహలతా, ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడదాం అన్నాను కదా. మాట్లాడేదేమీ లేదు. వచ్చి నీ తప్పు నువ్వే చెప్పుకున్నావు. పనిచేసుకో."

ఆయన వెళ్ళిపోగానే టీచర్ లేచి కూర్చుంది.

"నా ఫైలు తీసుకురా. ఎర్ర పెన్ను కూడా."

స్నేహలత తెచ్చింది. ఎనిమిదో ప్రశ్న దగ్గర నీలం టిక్కును టీచర్ ఎర్రగా కొట్టేసింది. పక్కన గుండ్రటి అక్షరాలతో, 'ఉండేది. పొడుం. నలభై రెండేళ్ళు. పదకొండు రోజుల క్రితం మానేశాను' అని రాసి సంతకం పెట్టింది. మార్జిన్‌లో స్నేహలతకు సున్నా మార్కులు వేసింది. అందరూ నవ్వారు.

టీచర్ నవ్వలేదు. పెన్ను మూత పెడుతూ, కళ్ళజోడు పైనుంచి చూసింది.

"నన్నొక్కదాన్నేనా, అడగనిది?"

స్నేహలత ముఖంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. బీరువా దగ్గరికి వెళ్ళింది. రెండేళ్ళ ఫైళ్ళు కిందికి దించింది. మగవాళ్ళ కాగితాల్లో ఎనిమిదో ప్రశ్నకు రకరకాల జవాబులున్నాయి. బీడీ, సిగరెట్, గుట్కా, పదేళ్ళ కింద మానేశాను. వాళ్ళను ఎలాంటి మొహమాటం లేకుండా అడిగింది. ఆడవాళ్ళవి అరవై మూడు. అన్నింటిలో 'లేదు'. ఒకే నీలం ఇంకు, ఒకే వాలు, ఒకే చెయ్యి.

"ఆడోళ్ళను గట్ల అడుగుడేంది అనుకున్న, టీచర్" అంది నెమ్మదిగా.

"గాయం మానినవాళ్ళను పక్కనపెట్టు. మాననివాళ్ళెవరో చూడు."

పదకొండు ఫైళ్ళు మిగిలాయి. అన్నిటికంటే పైనున్నది యాదవ్వది. బేగం బజార్ మొదట్లో బుట్టపెట్టుకుని వెల్లుల్లి అమ్మే ముసలమ్మ. మడమ దగ్గర ఆపరేషన్ గాయం. పద్నాలుగుసార్లు గొట్టంలోకి వచ్చింది, 'నాకేం గుణం కనవడ్తలేదు బిడ్డా' అని మూడు వారాల కిందట మానేసింది. ఆమె నడుము దగ్గర ఎప్పుడూ ఒక చిన్న గుడ్డసంచి వేలాడేది. గొట్టంలోకి వెళ్ళేముందు స్నేహలత తన చేత్తోనే దాన్ని తీసి లాకర్లో పెట్టేది. ఆకు వక్క సంచి అనుకుంది. ఒక్కసారి కూడా విప్పి చూడలేదు.

ఫైల్లో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. కొడుకు ఎల్లేష్ ఎత్తాడు.

"అన్నా, నేను ఆబిడ్స్ ఆక్సిజన్ సెంటర్ నుంచి స్నేహలతను. అవ్వ ఎట్లున్నది?"

"దవాఖానల ఉన్నం మేడమ్. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి కాలు తీస్తున్నరు. ఇంతకుముందే సంతకం చేసిన."

స్నేహలత యాదవ్వ ఫైలును దగ్గరికి లాక్కుంది.

"అన్నా, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. అవ్వ తంబాకు తింటదా?"

"ఏ, లేదు మేడమ్! మా అమ్మకు గసుంటి అలవాట్లేం లేవు."

ఎంత నిబ్బరంగా చెప్పాడు! చెప్పిన అతని వెనక, ఫోన్లోంచి, చిన్న రోట్లో ఏదో దంచుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. పళ్ళు లేని ముసలమ్మ మంచంమీద కూర్చుని ఆకు వక్క దంచుకుంటోంది. అందులో ఇంకేం కలిపి దంచుతోందో కొడుక్కి కనిపించదు. స్నేహలత ఫోన్‌ను టీచర్ చెవి దగ్గర పెట్టింది. టీచర్ విని, తల ఊపింది.

"ఆవిడ చెప్పదు" అంది ఫోన్ పెట్టేశాక. "నువ్వడిగితే చెప్పదు, కొడుకు అడిగితే చెప్పదు, డాక్టరు అడిగితే అసలే చెప్పదు. నాకు చెబుతుంది. కుర్చీ తిప్పు, ఆటో పిలువు. ఇవాళే వెళ్ళాలి."

"అత్తయ్యగారూ, మీ కాలు..."

"నా కాలు ఉంది కదా, అందుకే వెళ్తున్నాను." ఆవిడ స్నేహలత వైపు కాదు, గోడకున్న ఇనప లాకర్ వైపు చూసింది. "ఉత్త చేతులతో వెళ్తే నేనూ అలాంటిదాన్నే అంటే నమ్మదు. నా డబ్బా ఇవ్వండి."

పదకొండు రోజులు. స్నేహలత నాగవల్లి వైపు చూసింది. నాగవల్లి అత్తగారి చేతివేళ్ళ వైపు చూసింది. అవి వణకడం లేదని చెప్పడానికి లేదు. బయట సందులో ఆటో హారన్ కొడుతోంది. నాగవల్లి కొంగు ముడిలో తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుంది గానీ, ముడి ఇంకా విప్పలేదు.